పిలుపుకు వయసు లేదు, చదువుకు అడ్డదారి లేదు

1875వ సంవత్సరంలో మద్రాసు వైద్య కళాశాల తన తరగతి గదుల తలుపులు స్త్రీలకు తెరిచింది. ఆ ఏడు చేరినవారు నలుగురు. లోకంలో పేరుమోసిన విశ్వవిద్యాలయాలు సైతం స్త్రీలను వైద్యవిద్యకు రానివ్వని రోజులవి. ఆ నలుగురిలో ఒకామె కన్నెపిల్ల కాదు. వయసు ముప్పై. పెళ్ళై పదేళ్ళు కావస్తోంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భర్త మద్రాసులో బారిస్టరు. తిండికీ బట్టకూ వెతుక్కోవలసిన పని లేదు. అయినా ఆమె మళ్ళీ పుస్తకాలు పట్టుకుని చదువుకు బయలుదేరింది. ఆమె పేరు మేరీ షార్లీబ్.

ఆమె జీవితాన్ని ఈ వారం ధ్యానించడానికి ఒక కారణం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల సంఘాలలో నడివయసు విశ్వాసులు ఇటీవల తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. 2018లో తిత్లీ తుపానుకు కొబ్బరితోట నేలమట్టమైన రైతు, జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఒలిచి చేతులు కాయలు కాచిన అక్క, పరదేశంలో పని ముగించుకుని తిరిగివచ్చిన తమ్ముడు, పిల్లలు ఎదిగి రెక్కలొచ్చి వెళ్ళిపోయాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లి, అందరిదీ ఒకటే ప్రశ్న. ఈ వయసులో వైద్యసేవలోకి మారవచ్చా? ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో చదివి ఆ పనిలో నిలబడవచ్చా? అది దేవుని పిలుపా, లేక మన మనసులోని అలజడా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో అవుననీ చెప్పలేము, కాదనీ చెప్పలేము. నూట యాభై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్నను తన జీవితంతో ఎదుర్కొన్న ఒక క్రైస్తవ స్త్రీ నడిచిన దారిని చూడటం మేలు. ఆమె మనకు పరాయిది కాదు. ఆనాడు మన ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేది, గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. అప్పటికి మన ఊళ్ళ మీదుగా రైలు కూడా లేదు. అయినా మనకు రాజధాని మద్రాసే, పెద్దాసుపత్రి మద్రాసుదే. ఆమె అక్కడ వెలిగించిన దీపం తెలుగు స్త్రీల కోసం కూడా వెలిగింది.

తల్లిని ఎరుగని బిడ్డ

మేరీ 1845 జూన్ 18న లండనులో పుట్టింది. పుట్టిన పది రోజులకే తల్లి చనిపోయింది. బేతేలు నుండి ఎఫ్రాతాకు వెళ్ళే దారిలో రాహేలు బెన్యామీనును కని కన్నుమూసిన సంగతి ఆదికాండములో చదువుతాం. బిడ్డ బ్రతికాడు, తల్లి మిగలలేదు. మేరీ ఇంట్లో జరిగింది కూడా అటువంటిదే. పురిటి గదిలో తల్లిని పోగొట్టుకున్న ఆ పసిబిడ్డే పెరిగి పెద్దదై, వేలమైళ్ళ దూరంలో తల్లుల ప్రాణాలు కాపాడే వైద్యురాలు కావడం దేవుని ఏర్పాటు కాక మరేమిటి?

ఆమె మాంచెస్టరులో అవ్వాతాతల దగ్గర పెరిగింది. అది ఆదివారాన్ని పరిశుద్ధంగా ఆచరించే, బైబిలు చదువుకునే కట్టుదిట్టమైన సువార్తిక కుటుంబం. ఆ కాలపు ఆడపిల్లలకు దొరికే చదువుకంటే మంచి చదువే ఆమెకు దొరికింది. అయితే డాక్టరు కావాలన్న ఆలోచన అప్పుడు ఆమెకు లేదు. ఉన్నా, ఆ రోజుల్లో ఇంగ్లాండులో ఆడపిల్లకు ఆ దారి దాదాపు మూసే ఉంది.

యౌవనంలో ఆమెకు విలియం షార్లీబ్ అనే యువకునితో పరిచయమైంది. అతడు మద్రాసులో న్యాయవాదిగా స్థిరపడాలని లండనులో బారిస్టరు చదువు చదువుతున్నాడు. ఇంతదూరం పిల్లనివ్వడానికి ఇంట్లోవారు మొదట ఒప్పుకోలేదు. చివరికి 1865 డిసెంబరులో వివాహం జరిగింది. కొద్ది రోజుల్లోనే కొత్త దంపతులు ఓడ ఎక్కి మద్రాసు చేరారు.

ఆ తర్వాతి కొన్నేళ్ళు ఆమె జీవితం ఇంటిచుట్టూ తిరిగింది. ముగ్గురు బిడ్డలు పుట్టారు. భర్త నడిపే న్యాయపత్రికల పనిలో ఆమె చేయూతనిచ్చేది. ఈనాటి మాటలో చెప్పాలంటే ఆమె మొదటి వృత్తి అదే. ఇల్లు, పిల్లలు, కోర్టు కాగితాలు. అందులో తప్పేమీ లేదు. దేవుడు మనల్ని పిలిచేముందు మన పాత పనిని పనికిమాలినదని అనడు. మోషే గొఱ్ఱెలు కాసిన ఏళ్ళు, పేతురు వలలు వేసిన ఏళ్ళు వృథా కాలేదు. కాగితాలను జాగ్రత్తగా సరిచూసిన చేతికి ఓపిక అలవడుతుంది. ఆ ఓపికే తరువాత ఆమెకు పుస్తకాల దగ్గరా రోగుల దగ్గరా పనికివచ్చింది.

చెవినపడిన మొర

ఆ రోజుల్లో ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు, పరదా చాటున ఉండే అగ్రకుల హిందూ స్త్రీలు పురుష వైద్యుని ముందుకు వచ్చేవారు కారు. కాన్పు కష్టమైతే చదువులేని మంత్రసాని తనకు తోచింది చేసేది. ఊళ్ళో డాక్టరున్నా అతడు గడప దాటి లోపలికి రాలేడు. గోడకు ఇవతల మందు, అవతల మరణం. ఇలా చనిపోతున్న తల్లుల సంగతులు మేరీ చెవిన పడ్డాయి. సాటి తెల్లదొరసానులు కూడా ఇవి విన్నవారే. విని అయ్యో పాపం అన్నవారే. మేరీ మాత్రం ఆ మాటను మనసులోనుంచి తీసేయలేకపోయింది.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. ఆమెకు మొదట కలిగింది డాక్టరు కావాలన్న కోరిక కాదు. ఎదుటివారి బాధ కనబడింది. ఆ బాధకు తాను ఏమి చేయగలనన్న ప్రశ్న పుట్టింది. పట్టా ఆలోచన చాలా తరువాత వచ్చింది. ఈనాడు చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు. ఏ కోర్సు తొందరగా అవుతుంది, దేనికి జీతం ఎక్కువ, ఏది చదివితే విదేశాలకు వెళ్ళవచ్చు అని ముందు లెక్కవేసి, తరువాత దానికి దేవుని పిలుపు అని పేరు పెడుతున్నారు. కుటుంబాన్ని పోషించుకోవాలనుకోవడం పాపం కాదు. కాని రోగి మంచం దగ్గర రాత్రంతా మేలుకునే శక్తి జీతం లెక్కలోనుంచి రాదు. బాధపడేవారి మీద ప్రేమలోనుంచే అది రావాలి.

మేరీ ఏకంగా వైద్య కళాశాలకు పోలేదు. ముందు మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో చేరి ఏడాదిపాటు కాన్పుల పని నేర్చుకుంది. బారిస్టరు భార్య, ముగ్గురు పిల్లల తల్లి, పురిటి వార్డులో కింది మెట్టు దగ్గర నిలబడి పని నేర్చింది. ఆ ఏడాదిలో ఆమెకు రెండు సంగతులు తేటతెల్లమయ్యాయి. ఈ పని తాను చేయగలదు. అయితే కాన్పు చేయడం ఒక్కటే తెలిస్తే చాలదు. తల్లి ఒంట్లో వేరే జబ్బు ఉంటే, శస్త్రచికిత్స అవసరమైతే, పూర్తి వైద్యవిద్య లేనిదే ఆమెను కాపాడలేరు.

అప్పుడే మద్రాసు వైద్యశాఖకు అధిపతిగా ఉన్న సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫర్ స్త్రీలకు వైద్యవిద్య నేర్పాలని పట్టుబట్టాడు. ఆ విధంగా 1875లో ఆ నలుగురికి చోటు దొరికింది. చోటు దొరికినంతమాత్రాన ఆదరణ దొరకలేదు. ఆసుపత్రి పెద్దలలో ఒకరు వార్డులోకి రాకుండా మిమ్మల్ని ఆపలేను గాని, పాఠం మాత్రం చెప్పనని ముఖంమీదనే చెప్పేశాడు. ఆమె అలిగి ఇంటికి వెళ్ళలేదు, గొడవ పెట్టుకోలేదు. వార్డులో తిరుగుతూ, చూస్తూ, రాసుకుంటూ నేర్చుకుంది. 1878 నాటికి మూడేళ్ళ చదువు ముగించి వైద్యం చేయడానికి అర్హత పత్రం చేత పట్టుకుంది.

చాలుననుకోని మనసు

ఇక్కడితో ఆగితే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమెకు పత్రం ఉంది. రోగులు ఎదురుచూస్తున్నారు. కాని తన చదువు ఎంతవరకు ఉందో ఆమెకు తెలుసు. తన చేతిలో ప్రాణం పెట్టే తల్లికి సగం చదువు సరిపోదని ఆమె తీర్మానించుకుంది. 1878లో పిల్లలను తీసుకుని ఇంగ్లాండు ఓడ ఎక్కింది. భర్త మద్రాసులో తన వృత్తిలోనే ఉండిపోయాడు.

దేవుడు ఆమెకు ముందుగా వెళ్ళి తలుపులు తెరిచాడా అన్నట్టు ఉంటాయి ఆ సంవత్సరాలు. లండనులో స్త్రీల కోసం వైద్య పాఠశాల 1874లో మొదలైంది. 1877లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి ఆ విద్యార్థినులను తన వార్డుల్లోకి రానిచ్చింది. 1878లో లండన్ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలివ్వడానికి అంగీకరించింది. సరిగ్గా అదే సంవత్సరం మేరీ అక్కడ దిగింది. నాలుగైదేళ్ళు ముందు వచ్చి ఉంటే ఆ తలుపులన్నీ మూసే ఉండేవి. ఆలస్యమైపోయిందని మనం బాధపడే సమయం దేవుని గడియారంలో సరైన సమయం కావచ్చు.

ముప్పై మూడేళ్ళ వయసులో, మద్రాసులో మూడేళ్ళు వైద్యం చదివినావిడ, విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టింది. అపొస్తలుల కార్యములలో అపొల్లో అనే పండితుడున్నాడు. లేఖనాలలో గట్టివాడు, వాక్చాతుర్యం గలవాడు. అయినా డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో కూర్చుని తనకు తెలియనిదాన్ని మరింత పూర్తిగా నేర్చుకున్నాడు. తెలిసినవాడు మళ్ళీ విద్యార్థి కావడానికి వినయం కావాలి. నడివయసులో చదువుకునేవారికి పుస్తకం కంటే ఈ వినయమే కష్టం. పక్కన కూర్చున్న పిల్లలు మన కొడుకు ఈడువారైతే, పాఠం చెప్పేవారు మన చెల్లెలి ఈడువారైతే, తెలియదని చెయ్యి ఎత్తడానికి మనసొప్పదు.

1882లో ఆమె ఎం.బి. పట్టా పొందింది. లండన్ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి స్త్రీలలో ఆమె ఒకరు. ప్రసూతి వైద్యంలో బంగారు పతకం కూడా ఆమెకే దక్కింది. తరువాత వియన్నా వెళ్ళి ప్రసూతి శస్త్రచికిత్సలో మరికొంత తర్ఫీదు పొందింది. ఆమె సంగతి విన్న విక్టోరియా రాణి పిలిపించి భారతదేశపు స్త్రీల బాధలను అడిగి తెలుసుకుంది. 1883లో ఆమె మద్రాసు తిరిగివచ్చింది. వైద్య కళాశాలలో మొదట అడుగుపెట్టిన నాటినుంచి లెక్కిస్తే ఎనిమిదేళ్ళు. వయసు ముప్పై ఎనిమిది.

ఈ ఎనిమిదేళ్ళకు వెల ఏమిటో కూడా మనం దాచకూడదు. అందులో దాదాపు ఐదేళ్ళు భర్త ఒక ఖండంలో, భార్యాపిల్లలు ఒక ఖండంలో గడిపారు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడమీద వెళ్ళి జవాబు రావాలంటే వారాలు పట్టేది. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్తలో ఎందుకు చెప్పారో ఇలాంటి జీవితాలు చదివితే తెలుస్తుంది. మన ఇంట్లో భార్య చదువుకు భర్త, భర్త చదువుకు భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే పునాది వేసి ఆగిపోయిన గోపురమే మిగులుతుంది.

వెంకటగిరి రాజావారి లక్ష

తిరిగివచ్చిన మేరీ తాను చదివిన మద్రాసు వైద్య కళాశాలలోనే ప్రసూతి వైద్యం బోధించే అధ్యాపకురాలైంది. పాఠం చెప్పనన్న పెద్దలున్న చోటనే ఆమె పాఠం చెప్పింది. 1885లో కులస్త్రీలకు, ఘోషా స్త్రీలకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఆమె పర్యవేక్షణలో నుంగంబాకంలో ఒక ఇంట్లో ప్రారంభమైంది. స్త్రీలే వైద్యులు, స్త్రీలే పరిచారికలు. పరదా మర్యాదకు భంగం కలగదు గనుక ఎన్నడూ ఆసుపత్రి గడప తొక్కని స్త్రీలు పల్లకీలలోనూ, తెరలు కట్టిన బండ్లలోనూ వచ్చారు.

ఆ ఆసుపత్రికి సొంత భవనం కావలసివచ్చినప్పుడు లక్ష రూపాయలు విరాళమిచ్చింది మన తెలుగు సంస్థానాధీశుడైన వెంకటగిరి రాజా. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో ఊహించుకోండి. 1890లో ఆసుపత్రి తిరువల్లిక్కేణికి మారింది. ఈనాడు కస్తూర్బా గాంధీ స్త్రీల, శిశువుల ప్రభుత్వ ఆసుపత్రిగా చెన్నైలో నిలిచి ఉన్నది అదే. ఇంగ్లీషు క్రైస్తవ స్త్రీ చదువు, తెలుగు హిందూ రాజు ధనం, ముస్లిం తల్లుల నమ్మకం, ఈ మూడూ కలిస్తే ఆ గోడలు లేచాయి. మేలు చేయడానికి దేవుడు ఎవరి చేతినైనా వాడుకుంటాడు.

అయితే ఆ భవనం లేచేనాటికి మేరీ మద్రాసులో లేదు. ఆరోగ్యం పాడైపోయి 1887లోనే ఇంగ్లాండు వెళ్ళవలసివచ్చింది. మనుషుల లెక్క ప్రకారం ఇది నష్టపు బేరం. ఎనిమిదేళ్ళు చదివి నాలుగేళ్ళు పనిచేసింది. 1891లో భర్త కూడా చనిపోయాడు. ఇంతేనా, ఇందుకేనా ఇంత శ్రమ అని ఎవరైనా అడగవచ్చు. విత్తనం భూమిలో పడి చచ్చినట్టే కనబడుతుంది. ఫలమివ్వడం తరువాతి సంగతి. ఆసుపత్రి ఆగలేదు, వేరే స్త్రీ వైద్యులు దాన్ని నడిపారు. మద్రాసులో స్త్రీల వైద్యవిద్య ఆగలేదు, ఆ నలుగురి వెనుక ఎందరో వచ్చారు.

మేరీ సేవ కూడా ఆగలేదు. 1888లో లండన్ విశ్వవిద్యాలయంలో ఎం.డి. పొందిన తొలి మహిళ ఆమే. స్త్రీల కోసం స్త్రీలే నడిపిన ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు చేసింది. 1902లో రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో స్త్రీల వ్యాధుల నిపుణురాలిగా నియమితురాలైంది. ఒకప్పుడు విద్యార్థినిగా తిరిగిన వార్డులవి. 1920లో ఇంగ్లాండులో తొలి మహిళా మేజిస్ట్రేట్లలో ఒకరైంది. 1926లో డేమ్ బిరుదు అందుకుంది. 1930 నవంబరు 21న ఎనభై ఐదేళ్ళ వయసులో ప్రభువు నందు నిద్రించింది. ముప్పై ఏళ్ళకు మొదలుపెట్టినావిడకు దేవుడు ఇంకా యాభై ఐదేళ్ళు ఇచ్చాడు. ఆలస్యమైందని ఆనాడు ఆగిపోయి ఉంటే ఆ యాభై ఐదేళ్ళు ఏమయ్యేవి?

ఆమె ఒంటరి కూడా కాదు. ఆమె మద్రాసు తిరిగివచ్చిన 1883లోనే అన్నా కుగ్లర్ అనే లూథరన్ వైద్యురాలు గుంటూరుకు వచ్చింది. తరువాత ఐడా స్కడ్డర్ వెల్లూరులో పని ప్రారంభించింది. మన పక్కనే సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ వారి ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ వేలమందికి చూపునిచ్చాడు. ఆ సేవను చూసి కదిలిన ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో కెనడాలో ఒక నేత్రసేవా సంస్థనే స్థాపించాడు. మన మట్టికి ఈ సేవ కొత్త కాదు.

ఇప్పుడు మన సంగతి

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీద బ్రతికేవారు వారానికి రెండుమూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడి ఉండాలి. యంత్రం కొనవచ్చు, దాని పక్కన నిలబడే మనిషిని కొనలేం. సూది గుచ్చే చేతిలో నేర్పు, పలకరించే నోటిలో దయ ఉన్నవారు కావాలి. ఆనాడు మేరీ చెవిన పడిన మొర ఘోషా వెనుకనుంచి వచ్చింది. మన చెవిన పడుతున్న మొర కొబ్బరితోటల వెనుకనుంచి వస్తోంది.

కనుక నడివయసులో ఈ సేవలోకి రావాలనుకునే విశ్వాసిని మేము నిరుత్సాహపరచము. మోషే ఫరో ఎదుట నిలిచింది ఎనభై ఏళ్ళకు. వైద్య కళాశాల ప్రవేశ పరీక్షకు ఉన్న గరిష్ఠ వయోపరిమితిని సైతం జాతీయ వైద్య కమిషన్ 2022లో ఎత్తివేసింది. అయితే చదువు విషయంలో మేరీ దారినే చూడమని చెబుతాము. ఆమె తనకు తెలిసింది చాలుననుకోలేదు, దగ్గరదారి వెతుక్కోలేదు.

ఆన్‌లైన్ చదువు దేవుడిచ్చిన మంచి సాధనం. తోటపని ముగించుకుని రాత్రి దీపం దగ్గర కూర్చుని శరీర నిర్మాణం, పరిశుభ్రత, పోషకాహారం, ప్రథమ చికిత్స గురించి నేర్చుకోవచ్చు. ప్రభుత్వం నడిపే స్వయం వేదిక మీద ఎన్నో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వీటివల్ల మన తెలివి పెరుగుతుంది, ఈ పని మనకు నప్పుతుందో లేదో తెలుస్తుంది. మేరీకి ప్రసూతి ఆసుపత్రిలో గడిపిన మొదటి ఏడాది ఎలాంటిదో, మనకు ఇది అలాంటి మొదటి మెట్టు. కాని అదే చివరి మెట్టు అనుకుంటే మోసపోతాము. నరం దొరకబుచ్చుకోవడం, గాయానికి కట్టు కట్టడం, ఊపిరి ఆడని మనిషిని లేపి కూర్చోబెట్టడం తెర మీద చూస్తే రాదు. రోగి దగ్గర, నేర్పేవారి కళ్ళెదుట చేస్తేనే వస్తుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. నర్సుగా నమోదు కావడానికి తొలి మెట్టయిన నర్సింగ్ కోర్సులు కళాశాలలోనూ ఆసుపత్రిలోనూ ఉండి చదవవలసినవే. వైద్య అనుబంధ వృత్తుల కోసం 2021లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని కిందికి వచ్చే కోర్సులను ఆన్‌లైన్‌లోగాని దూరవిద్య ద్వారాగాని నడపరాదని, 2025 జూలై-ఆగస్టు ప్రవేశాలనుంచే దీన్ని పాటించాలని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఇది తెలియక, ఆరు నెలల్లో ఇంట్లోనే అంతా అయిపోతుందన్న ప్రకటన చూసి, మెడలో పుస్తెలు తాకట్టుపెట్టి ఫీజు కట్టినవారు మన మధ్యనే ఉన్నారు. చేతికి కాగితం వస్తుంది, ఏ ఆసుపత్రీ దాన్ని అంగీకరించదు. పైసా కట్టకముందే మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. ఈ కోర్సుకు సంబంధిత కౌన్సిలు గుర్తింపు ఉందా? చదివాక మన రాష్ట్రంలో పేరు నమోదు చేసుకోనిస్తారా? రోగుల దగ్గర శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు? జవాబు నోటిమాటగా కాక రాతలో తీసుకోండి. మీ వయసును అంగీకరిస్తారో లేదో కూడా అప్పుడే అడగండి. విశ్వాసం అంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టడం కాదు.

డాక్టరు, నర్సు అయితేనే సేవ అనుకోవద్దు. ఊళ్ళో ఆశా కార్యకర్తగా ఎంపిక చేసేటప్పుడు ఆ ఊరి స్త్రీలనే, ఇరవై ఐదు నుంచి నలభై ఐదేళ్ళ వయసువారినే ముఖ్యంగా చూస్తారు. మంచం పట్టిన వృద్ధులను చూసుకోవడం, డయాలసిస్‌కు వెళ్ళేవారికి తోడు వెళ్ళడం, మందుల చీటీ చదివి చెప్పడం కూడా ప్రభువు మెచ్చే సేవలే. నిర్గమకాండములో దేవుడు పేరుపెట్టి జ్ఞాపకం చేసుకున్న షిఫ్రా, పూయా ఇద్దరూ మంత్రసానులే. ఆ అధ్యాయంలో వారి పేర్లు రాయబడ్డాయి, ఫరో పేరు రాయబడలేదు.

చివరిగా సంఘాలకు ఒక మాట. మేరీ షార్లీబ్ చదువుకోగలిగిందంటే వెనుక బారిస్టరు సంపాదన ఉంది. మన జీడిపప్పు కార్ఖానా అక్కకు ఆ ఆసరా లేదు. ఆమె చదువుకు వెళితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమెకు పిలుపు లేదని మనం తీర్పు చెప్పకూడదు. ఆమెకు ఆసరా లేదు, అంతే. మంచి సమరయుడు తానే నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. మరునాడు పూటకూళ్ళవానికి రెండు దేనారములిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగివచ్చి ఇస్తానన్నాడు. ఆ కథలో కట్టుకట్టిన చేయి ఉంది, డబ్బిచ్చిన చేయి ఉంది, రాత్రంతా చూసుకున్న చేయి ఉంది. అందరూ చదవలేరు. కాని చదివేవారి పిల్లలకు ఒకరు అన్నం పెట్టవచ్చు, ఒకరు బస్సు ఛార్జీ ఇవ్వవచ్చు, ఒకరు ఫీజులో కొంత కట్టవచ్చు. స్త్రీల సమాజం, యువజన సమాజం తలచుకుంటే ఏడాదికి ఒక్కరినైనా చదివించలేవా? వెంకటగిరి రాజా ఒక్కడే లక్ష ఇచ్చాడు. మన సంఘంలో రాజులు లేకపోవచ్చు, గుప్పెడు బియ్యం తీసిపెట్టే తల్లులు ఉన్నారు.

ప్రియులారా, మీలో ఎవరి మనసునైనా ప్రభువు ఈ సేవకోసం రేపుతుంటే, వయసు లెక్కపెట్టుకుని కూర్చోకండి, తొందరపడి డబ్బూ కట్టకండి. ఈ వారమే ఒక రోగి ఇంటికి వెళ్ళండి. మంచం పక్కన ఒక గంట కూర్చోండి. ఆయన దుప్పటి సర్దండి, నీళ్ళు తాగించండి. ఇంటికి వచ్చాక కూడా ఆ ముఖం మీ కళ్ళముందు నుంచి కదలకపోతే, మోకరించి ప్రార్థించండి, మీ ఇంట్లోవారితో మాట్లాడండి, మీ కాపరితో మాట్లాడండి. ఆ తరువాత పుస్తకం తెరవండి. కష్టపడి, పూర్తిగా, నిజాయితీగా చదవండి. ప్రభువు మీ ప్రయాసను వ్యర్థం కానివ్వడు. ఆమేన్.